జైలు నుంచి ఫైర్ స్టేషన్ దాకా: ఫారెస్ట్రీ అండ్ ఫైర్ రిక్రూట్‌మెంట్ ప్రోగ్రామ్ సేవలపై ఒక సమీక్ష

కాలిఫోర్నియాలో శిక్ష అనుభవిస్తూ కార్చిచ్చులతో తలపడినవారు విడుదలయ్యాక అదే పనిలో జీతమొచ్చే ఉద్యోగులుగా చేరడానికి తోడ్పడే సంస్థల్లో ముందుగా చెప్పుకోవలసినది ఫారెస్ట్రీ అండ్ ఫైర్ రిక్రూట్‌మెంట్ ప్రోగ్రామ్. ఇది లాభాపేక్ష లేని సంస్థ. పొట్టిగా ఎఫ్‌ఎఫ్‌ఆర్‌పీ అంటారు. ఈ సమీక్ష ప్రధానంగా దాని గురించే అయినా, ప్రభుత్వం నడిపే వెంచురా శిక్షణ కేంద్రాన్నీ, పాత నేరం రికార్డును కోర్టు ద్వారా తొలగించుకునే వీలు కల్పిస్తూ 2020లో వచ్చిన ఏబీ 2147 చట్టాన్నీ పక్కన పెట్టి దాన్ని అంచనా వేయడం కుదరదు, ఎందుకంటే ఉద్యోగం వెతుక్కుంటూ బయలుదేరిన మనిషి ఈ మూడు గుమ్మాలనూ ఏదో ఒక వరసలో తట్టవలసిందే. నేను ఈ సేవను స్వయంగా వాడుకున్నవాణ్ని కాను. బహిరంగంగా దొరికే నిబంధనలూ, చట్టంలోని షరతులూ, సంస్థ తన పని గురించి చెప్పుకున్న వివరాలూ ముందు పెట్టుకుని రాస్తున్నాను. నేను పెట్టుకున్న కొలమానం ఒకటే: వచ్చినవాడికి ఎంత శిక్షణ ఇచ్చారన్నది తరవాతి మాట, అతను చివరికి జీతమిచ్చే దళంలో కాలు పెట్టాడా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ముందు ఫైర్ క్యాంపుల, అంటే ఖైదీలు ఉంటూ మంటలార్పే పనికి వెళ్లే శిబిరాల, సంగతి కొంత తెలియాలి. రాష్ట్ర జైళ్ల శాఖ, కాల్ ఫైర్ అనే రాష్ట్ర అగ్నిమాపక శాఖ, లాస్ ఏంజెలిస్ కౌంటీ (మన జిల్లా లాంటిది) అగ్నిమాపక శాఖ కలిసి నడిపే ఈ క్యాంపులు ఇప్పుడు 35 ఉన్నాయి. 2020లో ఎనిమిదింటిని మూసివేయక ముందు వాటి సంఖ్య 43. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అటవీ సిబ్బంది కొరతను పూడ్చడానికి ఖైదీలను తాత్కాలిక శిబిరాల్లో ఉంచి మంటలార్పే పనికి పంపారు. యుద్ధం ముగిశాక 1946లో రెయిన్‌బో అనే చోట మొదటి శాశ్వత క్యాంపు తెరిచారు. పారిపోయిన చరిత్ర, గృహదహన నేరం, లైంగిక నేరాలు ఉన్నవారిని ఈ క్యాంపుల్లోకి తీసుకోరు. మిగిలినవారిలోనూ తక్కువ భద్రత సరిపోతుందని జైళ్ల శాఖ నిర్ణయించినవారే, అదీ ఇష్టపడి ముందుకొస్తేనే, అర్హులవుతారు. వాళ్లు చేసేది హ్యాండ్ క్రూ పని. నీటి గొట్టం కన్నా ఎక్కువగా గొడ్డళ్లు, పారలు, చైన్ సాలు పట్టుకుని, మంట రాబోయే దారిలో చెట్టూ చేమా నరికి, ఉత్తి మట్టి బయటపడేదాకా నేల గీకి, మంటకు తినడానికేమీ దొరకని గీత ఒకటి కొండవాలు పొడుగునా తీసుకుపోతారు. బండి పోలేని చోటికి నడిచి వెళ్లే పని కనుక అడవి మంటల్లో ఇంతకు మించిన కాయకష్టం మరొకటి ఉండదు. 2025 జనవరిలో పాలిసేడ్స్, ఈటన్ మంటలు లాస్ ఏంజెలిస్ పరిసరాలను కాల్చినప్పుడు ఇలాంటివారు వెయ్యి మందికి పైగా రంగంలో ఉన్నారు.

అప్పటిదాకా వారికి దక్కిన కూలి రోజుకు 5.80 నుంచి 10.24 డాలర్లు, మంటల దగ్గర గడిపిన గంటలకు గంటకొక డాలర్ అదనం. 2025 అక్టోబరులో గవర్నర్ సంతకం చేసిన ఏబీ 247 చట్టం మంటల విధుల్లో ఉన్న గంటలకు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వపు) కనీస వేతనం, అంటే గంటకు 7.25 డాలర్లు, ఇవ్వాలని చెప్పింది. ఇది మంచి మార్పే. విడుదలయ్యేనాటికి చేతిలో నాలుగు డబ్బులు ఎక్కువగా ఉంటే మొదటి నెల అద్దెకైనా పనికొస్తాయి. ఉద్యోగం దొరకడానికి మాత్రం ఈ చట్టంతో సంబంధం లేదు కనుక దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

చిక్కు విడుదలైన రోజు నుంచే మొదలవుతుంది. నగరాల, కౌంటీల అగ్నిమాపక శాఖల్లో పిలుపుల్లో చాలా భాగం వైద్యానికి సంబంధించినవి కావడంతో అక్కడ ఉద్యోగానికి ఈఎంటీ, అంటే అత్యవసర వైద్య సహాయకుడి ధ్రువపత్రం, సాధారణంగా తప్పనిసరి. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం ఫెలనీ స్థాయి, అంటే తీవ్రమైన, నేరానికి జైలుకు వెళ్లి విడుదలైనవారికి పదేళ్లు గడిచేదాకా ఆ ధ్రువపత్రం ఇవ్వరు. రెండు ఫెలనీలు ఉంటే అసలే ఇవ్వరు. శిక్షాకాలంలో కొండలెక్కి మంటలార్పిన మనిషిని, ఇళ్ల మధ్య ఉన్న స్టేషన్‌లో అడుగుపెట్టనివ్వని నిబంధన ఇది. బయటివారు ఈ సమస్య గురించి వినేదంతా ఇక్కడితో ఆగిపోతుంది, పత్రికలు రాసేదీ ఎక్కువగా ఇదే. నిజానికి అడవి మంటలార్పే ఉద్యోగాలకు ఈఎంటీ అక్కర్లేదు. కాల్ ఫైర్ సీజన్ ఉద్యోగాల్లోనూ, ఫెడరల్ అటవీ శాఖలోనూ, కష్టమైన మంటలకు పంపే హాట్‌షాట్ దళాల్లోనూ శిక్ష పూర్తయినవారిని తీసుకుంటున్నారని జైళ్ల శాఖే చెబుతుంది. తలుపు తెరిచే ఉందన్నమాట. అయినా ఎందరో దాని దాకా చేరలేకపోతున్నారంటే, అడ్డుపడుతున్నవి అంతకన్నా చిన్నవీ, ఎవరూ పట్టించుకోనివీ అయిన ఆటంకాలు.

వాటిలో మొదటిది కాలం. వేసవి దళాలకు దరఖాస్తులు అంతకు ముందటి శరత్తులోనో చలికాలంలోనో తీసుకుంటారు. మే నెలలో విడుదలైనవాడు ఆ ఏటి అవకాశాన్ని జైలులో ఉండగానే పోగొట్టుకున్నట్టు. రెండోది పెరోల్, అంటే విడుదలయ్యాక కొంతకాలం అధికారి పర్యవేక్షణలో షరతులకు లోబడి ఉండటం. అనుమతి లేకుండా ఉంటున్న చోటి నుంచి 50 మైళ్లు దాటి వెళ్లకూడదన్నది కాలిఫోర్నియా పెరోల్ షరతుల్లో ఒకటి. అడవి మంటల దళమేమో పొద్దున ఒక కౌంటీలో ఉండి సాయంత్రానికి మరో కొసన తేలుతుంది. పెరోల్ అధికారి ముందస్తు అనుమతి ఇచ్చి ఉంటే తప్ప ఈ రెంటికీ పొత్తు కుదరదు, ఆ అనుమతిని ఎవరు ఎలా అడగాలో కొత్తగా బయటికొచ్చినవాడికి తెలియదు. మూడోది, ఉద్యోగమిచ్చే శాఖలకు అర్థమయ్యే పత్రాలు. ఫెడరల్ దళాల్లో చేరాలంటే ఎస్-130, ఎస్-190 వంటి ప్రాథమిక కోర్సులు పూర్తి చేసినట్టు చూపాలి, ప్యాక్ టెస్ట్ నెగ్గాలి. 45 పౌన్ల బరువు వీపున వేసుకుని 3 మైళ్లు 45 నిమిషాల్లో నడవడమే ఆ పరీక్ష. క్యాంపులో ఏళ్ల తరబడి పనిచేసినవాడికి ఆ నడక ఒక లెక్క కాదు. ఆ అనుభవాన్ని ఫెడరల్ దరఖాస్తు కోరే తీరులో, గంటలూ హోదాలూ తేదీలతో సహా కాగితం మీద పెట్టడమే కష్టం. వీటికి తోడు గడువు తీరిన డ్రైవింగ్ లైసెన్స్, స్థిరమైన చిరునామా లేకపోవడం, తిరిగి పిలిచినప్పుడు పలకని ఫోన్ నంబరు.

ఎఫ్‌ఎఫ్‌ఆర్‌పీ విలువ ఇక్కడే తెలుస్తుంది, ఎందుకంటే దాన్ని పెట్టినవారు ఈ ఆటంకాలన్నీ స్వయంగా దాటి వచ్చారు. వ్యవస్థాపకులు బ్రాండన్ స్మిత్, రాయల్ రేమీ ఇద్దరూ ఫైర్ క్యాంపులో పనిచేసినవారే; విడుదలయ్యాక అగ్నిమాపక ఉద్యోగం కోసం తిరిగి, చివరికి సంపాదించుకుని, తమ వెనక వస్తున్నవారికి దారి చూపడం మొదలుపెట్టారు. మొదట స్నేహితులకు దరఖాస్తులు నింపిపెట్టడంగా ఆరంభమైన పని క్రమంగా సంస్థగా మారింది. ఈ పుట్టుక సంస్థ స్వభావంలో కనిపిస్తుంది. సాధారణంగా విడుదలైనవారికి ఉపాధి చూపే సంస్థలు గిడ్డంగి పని, వంటశాల పని, భవన నిర్మాణం అంటూ ఏది దొరికితే దానికి పంపుతాయి. అది తప్పు కాదు, ఆకలికి ఏ కూలైనా కూలే. ఎఫ్‌ఎఫ్‌ఆర్‌పీ ఒకే వృత్తిని పట్టుకుంది. అందువల్ల ఏ శాఖ ఎప్పుడు దరఖాస్తులు పిలుస్తుంది, ఏ ఉద్యోగానికి ఏ కోర్సు కావాలి, ఇంటర్వ్యూలో పాత నేరం గురించి అడిగితే ఎంతవరకు చెప్పాలి, పెరోల్ అధికారికి ఏం చూపించి అనుమతి అడగాలి వంటి విషయాల్లో దాని సలహా ఎంతో నిర్దిష్టంగా ఉండగలుగుతుంది.

సేవల్లో వృత్తి శిక్షణ, ఒక్కొక్కరి పరిస్థితిని విడిగా చూసుకునే సహాయకులు, దరఖాస్తులూ ఇంటర్వ్యూల తయారీ, ఈ రంగంలో ఇప్పటికే స్థిరపడినవారి మార్గదర్శకత్వం ఉన్నాయి. వీటన్నిటిలో నాకు అత్యంత విలువైనదిగా తోచినది జీతమిచ్చి పనిచేయించే సొంత దళం. పొదలు నరకడం, ఎండు కొమ్మలు తీసివేయడం, మంటలకు ఆజ్యం పోసే చెత్తను ముందే తొలగించడం వంటి అటవీ పనులు ఏడాది పొడుగునా ఉంటాయి. ఆ పని ద్వారా చేరినవాడికి ఆదాయమూ వస్తుంది, విడుదలకూ తరవాతి నియామకాల సీజన్‌కూ మధ్య ఖాళీ పడకుండా అనుభవమూ జమ అవుతుంది. విడుదలైనవారు మళ్లీ పక్కదారి పట్టే ప్రమాదం ఈ ఖాళీ నెలల్లోనే ఎక్కువ. జీతం లేని శిక్షణ ఎంత గొప్పదైనా, పిల్లల ఖర్చూ ఇంటద్దె కట్టవలసిన మనిషి దాన్ని మధ్యలో వదిలి గిడ్డంగిలో చేరిపోతాడు. సంస్థ ఈ సంగతిని ముందే గ్రహించింది. నేను ఈ సేవకు ఎక్కువ మార్కులు వేయడానికి ముఖ్య కారణం అదే.

లోపాలు లేకపోలేదు. రాష్ట్రం నలుమూలలా విస్తరించిన క్యాంపుల నుంచి మనుషులు విడుదలై ఎవరి సొంత కౌంటీకి వాళ్లు వెళ్తారు. సంస్థ కార్యక్రమాలేమో కొన్ని ప్రాంతాల్లోనే ఉన్నాయి. రాష్ట్రపు దూర ఉత్తర కొసన పెరోల్‌లో ఉన్నవాడికి దక్షిణ కాలిఫోర్నియాలో జరిగే శిక్షణ అందుబాటులో ఉన్నట్టు కాదు, పైన చెప్పిన 50 మైళ్ల షరతు ఇక్కడ కూడా అడ్డు తగులుతుంది. విరాళాల మీదా గ్రాంట్ల మీదా ఆధారపడే సంస్థ కనుక ఈ ఏడు తీసుకున్నంత మందిని వచ్చే ఏడు తీసుకోగలదన్న భరోసా ఉండదు. ఇంకొకటి, సంస్థ చేతిలో లేనిదే అయినా వాడుకునేవారు తెలుసుకోవలసినది: ఈ దారిలో మొదట దొరికేది దాదాపు ఎప్పుడూ సీజన్ ఉద్యోగమే. కాల్ ఫైర్‌లో ఫైర్‌ఫైటర్ వన్ అనే మొదటి మెట్టు ఏడాదంతా సాగే కొలువు కాదు. చలికాలంలో మళ్లీ వెతుకులాట తప్పదు. నగర స్టేషన్‌లో శాశ్వత ఉద్యోగం, పింఛను, ఇంటికి దగ్గర పని అనే కల కంటున్నవారు అడవి దళంతో ఆ కల సగమే తీరుతుందని ముందే తెలుసుకుని రావడం మేలు.

వెంచురా శిక్షణ కేంద్రం సంగతి వేరు. 2018లో వెంచురా కౌంటీలోని కమరిల్లోలో తెరిచిన ఈ కేంద్రాన్ని కాల్ ఫైర్, జైళ్ల శాఖ, యువతకు ప్రకృతి పరిరక్షణ పనులిచ్చే రాష్ట్ర సంస్థ కాలిఫోర్నియా కన్జర్వేషన్ కోర్, జైలు నుంచి వచ్చినవారికి తోడ్పడే యాంటీ రెసిడివిజం కోయలిషన్ కలిసి నడుపుతున్నాయి. పెరోల్‌లో లేదా ప్రొబేషన్ అనే కోర్టు విధించిన పర్యవేక్షణలో ఉన్నవారు 18 నెలలు అక్కడే ఉండి, జీతం తీసుకుంటూ, శిక్షణ పొంది, నిజమైన మంటలకు వెళ్తారు. శిక్షణ లోతు చూస్తే దీనికి సాటి లేదు. నియామకం చేసే శాఖ, పెరోల్‌ను చూసే శాఖ ఒకే గొడుగు కింద ఉండటంతో ప్రయాణ అనుమతుల తలనొప్పి చాలావరకు తీరిపోతుంది. తిండికీ వసతికీ వెతుక్కోనక్కర్లేదు. కానీ ఇరుకైన గుమ్మం ఇది. ఒక్క చోట, పరిమితమైన స్థానాలతో నడిచే కేంద్రం రాష్ట్రమంతటి క్యాంపుల నుంచి వచ్చేవారిని ఇముడ్చుకోలేదు. పైగా ఏళ్ల తరబడి ఇంటికి దూరమైన మనిషిని బయటికి వచ్చీ రాగానే మరో 18 నెలలు వసతి గృహంలో ఉండమనడం, అందులో ఎంత మేలు ఉన్నా, చిన్నపిల్లలున్న తల్లికో తండ్రికో ఒప్పుకోవడం కష్టమైన షరతు. ఒంటరిగా ఉన్నవారికీ, పాత పరిసరాలకు దూరంగా ఉండాలనుకునేవారికీ మాత్రం అదే షరతు వరం కావచ్చు.

ఇక చట్టం. శాసనసభ సభ్యురాలు ఎలోయిస్ గోమెజ్ రేయెస్ ప్రవేశపెట్టిన ఏబీ 2147 మీద గవర్నర్ గ్యావిన్ న్యూసమ్ 2020 సెప్టెంబరు 11న, అప్పటికింకా కార్చిచ్చులు మండుతున్న బ్యూట్ కౌంటీలో, ఓరవిల్ దగ్గర కాలిపోయిన నేల మీద నిలబడి సంతకం చేశారు. ఫైర్ క్యాంపులో సవ్యంగా పనిచేసినవారు శిక్ష పడిన కౌంటీ కోర్టులో అర్జీ పెట్టుకుంటే, న్యాయమూర్తి ఆ కేసును కొట్టివేసి రికార్డును పక్కన పెట్టించవచ్చు. పెరోల్‌నూ ముందే ముగించవచ్చు. అలా కొట్టివేసిన నేరాన్ని చాలా రకాల లైసెన్సుల దరఖాస్తుల్లో చెప్పనక్కర్లేదు కనుక ఈఎంటీ దారి తెరుచుకుంటుందని చట్టం ఉద్దేశం. హత్య, కిడ్నాప్, అత్యాచారం, గృహదహనం, మరణశిక్షకో యావజ్జీవానికో తగిన నేరాల వంటివి ఉన్నవారికి ఇది వర్తించదు.

ఉద్దేశం గొప్పది, ఆచరణ అంత సూటిగా లేదు. ఉపశమనం హక్కుగా రాదు, న్యాయమూర్తి విచక్షణ మీద వస్తుంది. ప్రాసిక్యూటరు అభ్యంతరం చెప్పవచ్చు. రెండు మూడు కౌంటీల్లో కేసులున్నవాడు అన్ని కోర్టులకూ తిరగాలి. శాసనసభ కనికరించినా కోర్టు ఒప్పుకోకపోతే అంతే సంగతులు, దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించనట్టు. వకీలు లేకుండా ఈ అర్జీ పెట్టడం అసాధ్యమేమీ కాదు, కానీ క్యాంపులో చేసిన పనికి జైళ్ల శాఖ ధ్రువీకరణ తెప్పించుకోవడం మొదలు, విడుదలయ్యాక ఎలా మెలుగుతున్నాడో చూపే లేఖలు పోగుచేయడం దాకా తోడు ఉంటేనే సాగుతుంది. కనుక చట్టాన్ని నమ్ముకుని ఉద్యోగ ప్రయత్నం ఆపుకొని కూర్చోవడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. అడవి దళంలో చేరి ఒకటి రెండు సీజన్లు పనిచేసి, ఆ పని రికార్డును కూడా జతచేసి అర్జీ పెడితే న్యాయమూర్తి ముందు మాట బలంగా నిలుస్తుంది. ఆ వరసలో చూసినా ఎఫ్‌ఎఫ్‌ఆర్‌పీ లాంటి సేవే ముందు రావాలి, కోర్టు తరవాత.

ఈ మూడింటినీ పోల్చి చూశాక నా తీర్పు ఇది. శిక్షణ లోతులో వెంచురా కేంద్రానిదే పైచేయి. దొరికితే, కుటుంబ పరిస్థితి అనుమతిస్తే, వదులుకోకూడదు. దొరకనివారికి, అంటే చాలామందికి, ఎఫ్‌ఎఫ్‌ఆర్‌పీ నమ్మదగిన దారి. అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక్కటీ దాని నాణ్యతకు కాదు, అది చేరలేని కౌంటీలకు. అగ్నిమాపక శాఖల్లో నియామకాలు చూసే అధికారులకు కూడా ఒక మాట చెప్పాలి: సిబ్బంది చాలడం లేదని ప్రతి వేసవిలోనూ చెప్పుకునే శాఖలు, గొడ్డలి పట్టడమూ, బరువెత్తుకుని కొండెక్కడమూ, దళపతి మాటకు కట్టుబడి మెలగడమూ ఇప్పటికే అలవాటైన అభ్యర్థుల జాబితా ఒక సంస్థ దగ్గర సిద్ధంగా ఉందని తెలిసీ దానితో మాట్లాడకపోవడం వాళ్లకే నష్టం.

వాడుకోదలచినవారు, లేదా లోపల ఉన్న తమవారి కోసం చూస్తున్న కుటుంబాలు, విడుదల తేదీ కోసం ఆగకుండా కనీసం ఆరు నెలల ముందే సంస్థను సంప్రదించడం మంచిది. క్యాంపులో ఇచ్చిన ప్రతి శిక్షణ పత్రం, పనిచేసిన మంటల పేర్లు, తేదీలు, గంటలు, చైన్ సా లాంటి ప్రత్యేక బాధ్యత ఏదైనా ఉంటే ఆ వివరం, దళపతి రాసిచ్చే లేఖ అన్నీ బయటికి రాకముందే ఒక చోట చేర్చుకోవాలి, ఎందుకంటే విడుదలయ్యాక వాటిని జైళ్ల శాఖ నుంచి తెప్పించుకోవడానికి నెలలు పట్టవచ్చు, దరఖాస్తుల గడువు మాత్రం ఆగదు. డ్రైవింగ్ లైసెన్స్ పునరుద్ధరణ, పాత జరిమానాల బాకీ మొదటి వారంలోనే చూసుకోవాలి. పెరోల్ అధికారితో మొదటి భేటీలోనే ఈ ఉద్యోగ స్వభావం, దూరప్రయాణాల అవసరం చెప్పి, సంస్థ ఇచ్చే లేఖను చూపించి, ప్రయాణ అనుమతి విధానాన్ని రాతపూర్వకంగా తీసుకోవడం మరవకూడదు.